బాలింత నాచు

సముద్రం వెనక్కి తగ్గిందో లేదో, పిల్‌నే కొడవలి పుచ్చుకుని అందరికన్నా ముందు రాతి మీదికి దిగింది. జారకుండా బూట్లకి గడ్డితాడు చుట్టుకుంది. నడుముకి ఇంకో తాడు కట్టుకుంది, దాని రెండో కొస పైన నిలబడ్డ నేస్తం ఒక్‌దన్ చేతిలో ఉంది. ఈ రాళ్ళు ఏడాదిలో కొద్దిరోజులే ఇంతలా బయటపడతాయి. ఆ కాసేపట్లోనే దీవిలో గడపలన్నీ కలిసి నాచు కోసుకోవాలి, కలిసి పంచుకోవాలి. కొడవలి అటు వచ్చేలోపు ఎండకి ఆకు మాడిపోకుండా మిగతా ఆడవాళ్ళు సొరబుర్రలతో సముద్రపు నీళ్ళు తోడి రాళ్ళ మీద గుమ్మరిస్తున్నారు. నీళ్ళు పడ్డచోట ఆకు ఒక్కసారి నిగనిగలాడి మళ్ళీ వాలిపోతోంది.

"ఏమే, మెల్లిగా కొయ్యి! అది నాచే, పగవాడి పీక కాదు," అంది ఒక్‌దన్ పైనుంచి తాడు బిగిస్తూ.

పిల్‌నే ఎడమచేత్తో గుప్పెడు ఆకు ఒడిసిపట్టి, కుడిచేత్తో ఒక్క లాగు లాగింది. నాచుకి అడుగున ముడతలు ముడతలుగా ఒక కుచ్చు ఉంటుంది. దాన్ని రాతికే వదిలేసి పై ఆకు కోయాలి. ఆ కుచ్చు విత్తనం రాలిస్తేనే వచ్చే ఏటికి పంట. పెళ్ళై ఈ దీవికి వచ్చిన నాటి నుంచీ పిల్‌నే ఆ కుచ్చుని ఎన్నడూ తెగ్గొయ్యలేదు. ఇవాళ మాత్రం గుప్పెడు గుప్పెడుకీ కుచ్చు కూడా ఊడి వచ్చేస్తోంది.

"నీకేమైందే? మొక్పో నుంచి వచ్చిన కాడినుంచీ మూతి ముడుచుకునే ఉన్నావు. మనవరాలు బాగుందా లేదా?"

"బాగుంది," అంది పిల్‌నే. ఇంకో కుచ్చు తెగింది.

లాంచీ కూత వినిపించింది. తేసిక్ దిగాడు. ఈ దీవిలోనే పుట్టి, మొక్పో పట్నంలో నాచు మందుల కంపెనీ పెట్టి పెద్దవాడైన మనిషి. తెల్లటోపీ, ఇస్త్రీ చొక్కా, వెనకాల కూలీ నెత్తిన అట్టపెట్టె. పెట్టె విప్పి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తలా ఒక సీసా పంచాడు. సీసా నిండా ఆకుపచ్చ గొట్టం మాత్రలు. సీసా మీద బొమ్మలో రెండు ముసలి చేతులు, చేతుల నిండా తడి నాచు. ఆ చేతులు పిల్‌నేవి. బొటనవేలి పక్కన కొడవలి కోసిన గాటు కూడా బొమ్మలో కనిపిస్తుంది. నాచు ఆరేస్తున్నప్పుడు ఊరికే తీసుకుంటానని ఫొటో తీసుకున్నాడు. తర్వాత ఏం చేస్తాడో చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

"వదినా! నీ చేతులిప్పుడు సియోల్ దాకా తెలుసు, ఎరుగుదువా?" అన్నాడు రాతి అంచున గొంతుక్కూర్చుని.

"అంతా నీ చలవే," అంది పిల్‌నే.

"ఎల్లుండి సియోల్ నుంచి పెద్ద దుకాణాలవాళ్ళు వస్తున్నారు. కోత చూస్తారు, ఆరేయడం చూస్తారు. నువ్వు ఈ సీసా పట్టుకుని ఒక్కమాట చెబితే చాలు. బాలింతకి మా దీవి నాచుని మించిన బలం లేదు, అదే ఈ సీసాలో ఉంది, అని."

"అదే ఉందా ఇందులో?"

తేసిక్ నవ్వాడు. "సముద్రం ఒక్కటే కదా వదినా! ఇక్కడి నాచైతేనేం, ఇంకో రేవుదైతేనేం? ఆఁ, ఇంకోమాట. మా కోడలికి నెలలు నిండుతున్నాయి. బాలింత నాచు నీ చేత్తోనే కట్టించాలని మా ఆవిడ పట్టు."

పిల్‌నే నడుం నిటారుగా చేసుకుని అతని మొహంలోకి తేరిపార చూసింది. "కడతాను. ఆ వచ్చేవాళ్ళ ముందే కడతాను. నీ సీసా కూడా పట్టుకుంటాను."

"అదీ మా వదినంటే!" తేసిక్ మురిసిపోయాడు. పైన ఒక్‌దన్ నోరు వెళ్ళబెట్టింది. ఎవరేం అడిగినా ముందు కాదనడం పిల్‌నేకి పుట్టుకతో వచ్చిన గుణం. ఇవాళ దేనికీ కాదనకపోవడం ఒక్‌దన్‌కి ఎంతమాత్రం మింగుడుపడలేదు.

మధ్యాహ్నం వాటాలు పంచుకున్నాక ఎవరి పెరట్లో వాళ్ళు ఆకు ఆరేసుకుంటున్నారు. పిల్‌నే చెక్క చట్రం ముందు చతికిలబడి, ఆకుపక్కన ఆకు పేర్చి, నడిమి ఈనెలన్నీ ఒకవైపుకి సర్ది అరచేత్తో నొక్కుతోంది. తడిమీద నొక్కితే ఆకులు ఒకదానికొకటి అతుక్కుని, ఆరాక మనిషి పొడవున ఒక్కటే పలక అవుతుంది. ఫోను చట్రం పక్కన రాయికి ఆనించి ఉంది. అందులోంచి కూతురు మీరన్ మాట్లాడుతోంది.

"చిక్కుడుగింజ ఏడ్చిందా?" అని అడిగింది పిల్‌నే. పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు, కడుపులో ఉన్నప్పటి ముద్దుపేరే నడుస్తోంది.

"ఇవాళ ఏడ్చిందమ్మా. గొంతు ఇంకా బొంగురుగానే ఉందిగానీ, గట్టిగానే ఏడ్చింది."

"ఏడవనీ. బాగా ఏడవనీ. ఊరుకోబెట్టకు."

"ఇన్నాళ్ళూ ఏడవట్లేదని మనం మురిసిపోయాం కదమ్మా. ఎంత బుద్ధిమంతురాలో, పాలు తాగడం పడుకోవడం తప్ప ఇంకో ధ్యాస లేదని మా అత్తయ్య ఊరందరికీ చెప్పుకుంది." మీరన్ ముక్కు చీదింది. "మెడలో ఆ థైరాయిడ్ గ్రంథి పని చెయ్యక నీరసంతో పడి ఉందని ఎవరికి తెలుసు! సమయానికి రక్తపరీక్షలో దొరికింది కాబట్టి సరిపోయిందిట. ఇంకా ఆలస్యమైతే పిల్ల మెదడు ఎదుగుదలే దెబ్బతినేదిట. రోజూ పొద్దున్నే మాత్ర నూరి పట్టమన్నారు."

"ఎన్నాళ్ళు?"

"ఇప్పుడే చెప్పలేమన్నారు. కొందరికి కొన్ని నెలల్లోనే ఆపేస్తారుట."

పిల్‌నే చేయి ఆకు మీద ఆగిపోయింది. రెండురోజులుగా నాలిక చివర ఆడుతున్న మాట ఇప్పటికి బయటపడింది. "నా నాచు వల్లేనంటావా?"

"డాక్టరమ్మ నిన్నేమీ అనలేదమ్మా. నాచు చారు మంచిదేనంది. బాలింతకి ఒంట్లో సత్తువొస్తుంది, కడుపు తేలికవుతుంది, అసలు అయోడిన్ లేకపోయినా పిల్లకి ముప్పేనంది. కాకపోతే రోజుకి ఒక గిన్నె చాలుట. మూడుపూటలా గిన్నెలకి గిన్నెలు తాగాను కదా, దానికి తోడు తేసిక్ కంపెనీ గొట్టాలు. అందులో ఉన్నది మన నాచు కానే కాదుట. దాషిమా ఉంటుంది చూడు, ఇంకో రకం దళసరి నాచు, దాని పొడిట. దాంట్లో అయోడిన్ మన నాచుకి ఎన్నో రెట్లుట. అదంతా పాలల్లోంచి పిల్లకి పోయింది." మీరన్ ఊపిరి తీసుకుంది. "ఇలాంటివి కొనేటప్పుడు అది ఏ నాచో, ఏ నీళ్ళలో పెరిగిందో, ఒక్కో గొట్టంలో అయోడిన్ ఎంతో, సీసం, ఆర్సెనిక్ లాంటి విషాలు లేవని పరీక్ష చేసిందెవరో సీసా మీద చూడాలిట. రాసి లేకపోతే గుమ్మంలోకే రానివ్వద్దంది. కడుపుతో ఉన్నవాళ్ళూ పాలిచ్చేవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా అసలు ముట్టుకోకూడదంది."

"మరి ఆ సీసా మీద ఏమీ రాయలేదా?"

మీరన్ చిన్నగా అంది. "దాని మీద నీ చేతులున్నాయమ్మా. మా అమ్మ చేతులే కదా, ఇంకేం చదవాలి అనుకున్నాను."

ఫోను పెట్టేశాక పిల్‌నే తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. బక్కెట్లో ముంచి ఇసకతో రుద్దింది, చర్మం ఎర్రబడేదాకా రుద్దింది. ఒళ్ళంతా మంటలు లేచాయి. వాడికి జైలు చాలదు, జరిమానా చాలదు. వాడి కంపెనీ పోతే ఇంకో పేరుతో ఇంకోటి పెడతాడు. వాడి గుండెకి తగలాలి. తన ఇంట్లో ఎక్కడ తగిలిందో వాడింట్లోనూ అక్కడే తగలాలి.

ఆ తగిలే చోటు వాడే చూపించాడు. పొద్దున అనుమానం మీదే సరేనంది, ఇప్పుడు ఆ అనుమానమూ తీరింది. బాలింత నాచుని ఈ తీరంలో ఎవరూ వంచరు. కొనేవాడు బేరమాడడు, అమ్మేవాడు మడిచి సంచిలో పెట్టడు. పలకని నిలువునా గడ్డితాడుతో కట్టి, విరగకుండా భుజానవేసుకుని ఇంటికి చేర్చాల్సిందే. వంగితే కాన్పు వంకర తిరుగుతుందని, విరిగితే తల్లో బిడ్డో ఎవరో ఒకరు దక్కరని అందరికీ భయం. పిల్‌నే తన చేతులతో ఎన్ని పలకలు కట్టిందో ఆవిడకే లెక్కలేదు. ఎల్లుండి సియోల్ వాళ్ళ ముందు, వాడి కళ్ళముందు, వాడి కోడలి పలకని మోకాలికేసి కొట్టి రెండు ముక్కలు చెయ్యాలి. ఆ చప్పుడు వాడు చచ్చేదాకా వినాలి. అనుకున్న కొద్దీ ఆవిడకి హాయిగా ఉంది.

మర్నాడు ఎండ దంచికొట్టింది. ఆకు నల్లబడి గలగలలాడేలా ఎండింది. పిల్‌నే అన్నిటిలోకీ పొడవైన పలక ఏరి నీడలో విడిగా పెట్టింది. తర్వాత ఒక తుంట పలక తీసుకుని మోకాలి మీద పెట్టి వంచింది. ఫట్‌మంది. ఇంకోటి తీసుకుని, ఈసారి కాస్త పైకెత్తి వంచింది. మొదటిదానికన్నా గట్టిగా పలికింది.

"ఏంటే ఆ చప్పుడు?" ఒక్‌దన్ బార్లీ టీ కూజాతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"సాధన చేస్తున్నా."

ఒక్‌దన్ ముక్కలకేసీ, నీడలో ఉన్న పొడుగు పలకకేసీ చూసింది. చురుకైన మనిషి, ఆరా తీయకుండా వదలదు. అరగంట కూర్చుని, తిట్టి, బతిమాలి, పిల్‌నే నోటినుంచి సంగతంతా లాగింది. మనవరాలి మాట వినగానే వెక్కివెక్కి ఏడ్చింది. తేసిక్‌ని వాడి తాతముత్తాతలతో సహా దుమ్మెత్తిపోసింది. పలక సంగతి విన్నాక మాత్రం చటుక్కున కళ్ళు తుడుచుకుంది.

"ఛీ ఛీ! బుద్ధుందా నీకు? వాడి మీద కోపముంటే వాడి నెత్తిన రాయేసి కొట్టు. పుట్టని పిల్ల మీద పడతావా?"

"నాది పుట్టిన పిల్లేగా. వాడు చూశాడా?"

"ఆ కోడలు పిల్ల నిన్నేం చేసిందే?"

"నా చిక్కుడుగింజ వాడినేం చేసింది?"

"నీతో పెట్టుకుని లాభంలేదు. నువ్వా పని చేస్తే ఇక నీ తాడు నేను పట్టను. ఇంకెవరి చేతైనా పట్టించుకో," అని ఒక్‌దన్ కూజా అక్కడే దించి విసవిసా వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళుగా రాళ్ళ మీద తన ప్రాణం ఆ మనిషి చేతిలోనే పెట్టిన పిల్‌నే పిలవలేదు. మూడో తుంట తీసుకుంది.

సియోల్ వాళ్ళు చెప్పిన రోజుకే దిగారు. నలుగురు. వాళ్ళకి పెద్ద ఒకావిడ, తెల్లబూట్లు రాళ్ళమీద జాగ్రత్తగా వేసుకుంటూ నడిచింది. తేసిక్ గొడుగు పట్టి, ఇది చూడండి, అది చూడండి అంటూ చుట్టూ తిరిగాడు. ఒడ్డున పెద్ద డేగిసాలో ఆ రోజు కోసిన నాచు ఉడుకుతోంది. ఉడికి ఉడికి చారు పాలలా తెల్లబడింది. గరిటె ఒక్‌దన్ చేతిలో ఉంది. పిల్‌నేకేసి ఓసారి చూసి మొహం తిప్పుకుంది.

పిల్‌నే చాప మీద పొడుగు పలక పరుచుకుని కూర్చుంది. గడ్డితాడు పేనుతోంది. తేసిక్ కోడలు నారే పొట్ట పట్టుకుని నెమ్మదిగా వచ్చి పక్కన చతికిలబడింది.

"పెద్దమ్మా, కాసేపు ఇక్కడ కూర్చోనా? నిలబడలేకపోతున్నాను. ఈమధ్య ఎప్పుడు చూసినా నిద్రే. అందరూ ఎండకి చెమటలు కక్కుతుంటే నాకు చలేస్తోంది, చూడండి," అని చేయి చాపింది. పిల్‌నే ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఎక్కడ మనసు మెత్తబడుతుందోనని తాడు ఇంకాస్త బిగించి పేనింది.

"మరి బలానికేం తింటున్నావు?" ఏదో ఒకటి అడగాలని అడిగింది.

"ఏముంది, ఇవే." నారే సంచిలోంచి సీసా తీసింది. సగానికి పైగా ఖాళీ అయింది. "పొద్దున రెండు, రాత్రి రెండు. పురుడొచ్చాక ఇంకో రెండు పెంచాలిట. మామయ్యగారు మర్చిపోనివ్వరు. అన్నం ముందు కూర్చోగానే చేతిలో పెడతారు."

పిల్‌నే పేనడం ఆపేసింది. సీసాకేసి చూసింది, ఆ పిల్ల పొట్టకేసి చూసింది. కొంచెం ఉబ్బినట్టున్న ఆ మొహం, నిద్ర బరువుతో వాలే రెప్పలు, అన్నీ ఇప్పుడు కనిపించాయి. వెధవ! సొంత కోడలికే! తను విరవాలనుకున్నది వాడు ఎప్పుడో వాడింట్లోనే, వాడి చేత్తోనే విరవడం మొదలుపెట్టాడు. ఇక తను పలక విరిచి ఏం సాధించినట్టు? వాడి పనిలో వాడికి సాయం చేసినట్టు. ఆ ఆలోచనకి కోపం తగ్గలేదు సరికదా, ఇంకా రాజుకుంది. కాకపోతే దాని దారి మారింది.

ఆవిడ లేచి నిలబడింది. పలకని పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి, పైన, నడుమ, కింద గడ్డితాడుతో కట్టింది. ఎక్కడా చిట్లలేదు. డేగిసా దగ్గర ఒక్‌దన్ ఊపిరి వదలడం ఇక్కడికి వినిపించింది. నిలువు పలకని నారే భుజానికి ఆనించి, "నువ్వే పట్టుకో. ఇంకెవరికీ ఇవ్వకు," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. తేసిక్ సీసా పుచ్చుకుని ముందుకొచ్చాడు. "వదినా, ఇప్పుడా ఒక్కమాట."

"ముందు చారు. పద్ధతి మరిచిపోయావా? పలక తీసుకున్న ఇంటి పెద్ద మొదటి గిన్నె తాగాకే ఎవరైనా నోరు విప్పేది." ఒక్‌దన్ చేతిలో గరిటె అందుకుని పిల్‌నే గిన్నె నిండా పోసింది. అతను తాగేలోగా తన ఇంటి సంగతి అందరిముందూ చెప్పెయ్యాలి, నోట్లో చారుతో వాడు అడ్డుపడలేడు, అంతే ఆవిడ అనుకున్నది.

"ఇప్పుడెందుకు వదినా ఆ పాత చాదస్తాలు!"

"అయ్యో, మాకు కావలసింది అవేనండీ!" అంది తెల్లబూట్లావిడ. పక్కనున్న అబ్బాయికి సైగ చేసింది. "వీడియో తియ్యి. ఊఁ, తాగండి సార్."

తేసిక్ గిన్నె అందుకున్నాడు. పెదవులకి ఆనించాడు. గొంతు కదల్లేదు. "ఆహా, అమృతం," అని దించబోయాడు. చారు పోసింది పోసినట్టే ఉంది. సరిగ్గా అప్పుడు అతని భార్య యొన్‌బున్ కారం పట్టించిన క్యాబేజీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. గిన్నె చూసి గగ్గోలు పెట్టింది.

"అయ్యయ్యో, ఆయనకెవరు పోశారు? అక్కా, మీకు తెలీదు కాబోలు. నాచు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మెడలో గ్రంథి దెబ్బతింది ఈయనకి. నాచులో అయోడిన్ పడదు. ఇంట్లో ముక్క కూడా వడ్డించను. అందరూ నాచు చారు తాగే పుట్టినరోజునాడు కూడా ఈయనకి ముల్లంగి చారే పోశాను పాపం! ఈ గొట్టాలైతే మూతకూడా తియ్యరు."

"నువ్వు నోర్ముయ్!" అన్నాడు తేసిక్.

యొన్‌బున్ బిత్తరపోయింది. తనేం తప్పు మాట్లాడిందో ఆవిడకి అర్థం కాలేదు. వీడియో తీసే అబ్బాయి తీస్తూనే ఉన్నాడు.

పలక ఆసరాగా పట్టుకుని నారే లేచింది. "ఒక్కో గొట్టంలో అయోడిన్ ఎంతుందో కనుక్కోమని మా డాక్టరు నాకు చెప్పింది. మిమ్మల్ని అడిగాను. సముద్రతల్లి ఇచ్చినదానికి కొలతలేమిటమ్మా అన్నారు. మీ కొలత మీకు తెలుసా మామయ్యగారూ? మీకు పడదని తెలిసి కూడా నాకు పెట్టారా?"

"నాది జబ్బమ్మా, అది వేరు..."

"నా మనవరాలిది ఏమిటి మరి?" పిల్‌నే గొంతు రాళ్ళదాకా వినిపించింది. "మా మీరన్ మింగింది ఇవే. ఇవి పాలల్లోంచి దిగి నా చిక్కుడుగింజ మెడలో గ్రంథి పడకేసింది. ఏడుపు కూడా రాలేదు దానికి! ఇప్పుడు రోజూ మందు పడుతున్నాం. అమ్మాయ్, ఇవాళే లాంచీ ఎక్కు. ఈ సీసా మీ డాక్టరుకి చూపించి రక్తం పరీక్ష చేయించుకో. పుట్టగానే బిడ్డకీ చేయించు. చారు తాగితే రోజుకి ఒక గిన్నె, డాక్టరు అదీ వద్దంటే మానెయ్యి. నా నాచని మొహమాటపడకు."

తెల్లబూట్లావిడ తన చేతిలో ఉన్న సీసాని రాతిమీద పెట్టేసింది. ఎవరూ దాన్ని తియ్యలేదు. వచ్చినవాళ్ళు వచ్చిన లాంచీలోనే వెనుదిరిగారు. నారే వాళ్ళతోనే ఎక్కింది, పలక నిలువునా పట్టుకునే. యొన్‌బున్ మొగుడి మొహం చూడకుండా కోడలి మోచేయి పట్టుకుని వెనకే ఎక్కేసింది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే తమ గిన్నెలు నింపుకుని తలో పక్కకి తప్పుకున్నారు.

డేగిసా దగ్గర ఇద్దరే మిగిలారు. తేసిక్ అక్కడే కూలబడ్డాడు. టోపీ ఎక్కడో జారిపోయింది. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

"వదినా, నా కొంప ముంచావు. ఆ వీడియో ఎవరికీ చూపించొద్దని నువ్వు ఒక్కమాట చెప్పు. నీ మాట వింటారు. పిల్ల ఆసుపత్రి ఖర్చంతా నేను పెట్టుకుంటాను. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను."

పిల్‌నే అతని ఎదురుగా రాతి మీద కూర్చుంది. మాడిపోయిన ఆ మొహాన్ని తీరిగ్గా, కడుపునిండా చూసింది. జాలి వస్తుందేమోనని వెతుక్కుంది. రాలేదు.

"చారు చల్లారిపోతోంది. తాగు," అంది.

తేసిక్ ఆవిడకేసి చూశాడు. తాగితే మనసు కరుగుతుందనుకున్నాడో ఏమో, గిన్నె ఎత్తాడు. నోటిదాకా వెళ్ళింది. అక్కడ చేయి ఆగింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది.

"చూశావా? నీకు తెలుసు కాబట్టి నీ చెయ్యి ఆగింది. మా మీరన్ చెయ్యి ఆగలేదురా, తేసిక్."

అతని చేతిలో గిన్నె ఆవిడ తీసుకోలేదు. దాన్ని తాగలేక, పారబొయ్యలేక, ఎక్కడ పెట్టాలో తెలియక, సాయంత్రం లాంచీ వచ్చేదాకా అతను అలా పట్టుకునే కూర్చున్నాడు. ఆవిడ అంతసేపూ లేవలేదు.